నల్ల కారు మెరుపు నిలబెట్టుకోవడం: తిరుపతి ఎండకు, దుమ్ముకు, బోరు నీళ్లకు తగిన పద్ధతి

మా అపార్ట్‌మెంటు కాపలాదారు రోజూ తెల్లవారకముందే లేచి, తుండుగుడ్డను బకెట్లో ముంచి పిండి, కింద నిలిపి ఉన్న కార్లన్నింటినీ వరుసగా తుడిచేవారు. ఎంతో శ్రద్ధగా చేసేవారు. పన్నెండు కార్లకు ఒకటే గుడ్డ, ఒకటే బకెట్. వరుసలో చివరిది నా నల్ల కారు. కొన్న నాలుగు నెలలకు ఒక సాయంత్రం కపిలతీర్థం రోడ్డులో ఏటవాలు ఎండలో నిలిపి చూశాను. బానెట్ మీద సూర్యబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్లు వందల సన్నని గీతలు! మిగతా పదకొండు కార్ల మీదా అవే గీతలున్నాయి. తెలుపు, వెండి రంగుల మీద అవి కంటికి ఆనవు. నలుపు దేనినీ దాచదు.

దుమ్ము దానంతట అది పెయింటు మీద పడి ఉన్నంతసేపు చేసే కీడు చాలా తక్కువ. ఆ దుమ్మును పెయింటుకు రుద్దే చేయే అసలు నష్టం చేస్తుంది. నల్ల కారును చూసుకోవడమంటే దానిని ఎంత తక్కువగా తాకాలో, తాకక తప్పనప్పుడు ఎంత మెత్తగా తాకాలో తెలుసుకోవడమే. కింద చెప్పేదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

మీరు కాపాడుతున్నది ఎంత పలుచనిదో

కారు లోహపు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిపై ప్రైమర్, దానిపై రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. ఇవన్నీ కలిపినా ఎక్కువ కార్లలో 100 నుంచి 150 మైక్రాన్ల లోపే. మామూలు ఏ4 కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు. అంటే మనం చూసి మురిసిపోయే ఆ నలుపంతా ఒకటిన్నర కాగితమంత మందం. అందులో మెరుపునిచ్చే క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేదీ అదే. గీత పడేది సాధారణంగా ఈ పొరలోనే. ఆ గీతను పాలిష్ చేసి తీయడమంటే చుట్టూ ఉన్న పొరను గీత అడుగుదాకా అరగదీయడమే. ఒకసారి అరిగినది తిరిగి రాదు. అందుకే గీత పడ్డాక తీయించుకోవడం కంటే పడకుండా చూసుకోవడం మేలు.

నీళ్ల సంగతి ముందు తేల్చుకోండి

తిరుపతిలో చాలా ఇళ్లలో కారు కడిగేది బోరు నీళ్లతోనే. కళ్యాణి డ్యామ్ నీళ్లో తెలుగుగంగ నీళ్లో కుళాయిలో వస్తే వాటిని తాగడానికి, వంటకు పట్టుకుంటాం, కారుకు పోయం. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీటిబొట్టు ఆరిపోయినప్పుడు తెల్లని వలయంగా మిగిలిపోతాయి. తెల్ల కారు మీద అవి పెద్దగా కనిపించవు, నల్ల కారు మీద ముగ్గుచుక్కల్లా తేలుతాయి. ఎండలో మళ్లీ మళ్లీ కాలితే ఆ వలయం కింద క్లియర్ కోట్ గుంట పడుతుంది. అప్పుడది ఏ ద్రావణానికీ వదలదు.

నీళ్లలో కరిగి ఉన్న లవణాలెన్నో చూపే, పెన్ను ఆకారంలో ఉండే చిన్న టీడీఎస్ మీటరు కొనుక్కోండి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ మంచిదని చెప్పే హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. మీ బోరు నీళ్లు దానిని మించితే వాటిని సబ్బు కలపడానికి, మొదట తడపడానికి వాడుకోండి, చివరి నీళ్లుగా మాత్రం పోయకండి. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ఆర్‌ఓ యంత్రం నుంచి వృథాగా బయటికి పోయే నీళ్లను పొదుపు కోసం పట్టి కారు కడిగేవారు చాలామంది ఉన్నారు. ఆ నీళ్లలో లవణాలు మామూలు బోరు నీళ్లకన్నా ఎక్కువగా ఉంటాయి. ఇల్లు తుడవడానికి వాడండి, నల్ల కారుకు వద్దు.

చివరి నీళ్లుగా ఏమి పోయాలన్న ప్రశ్నకు మన ఇంట్లోనే జవాబుంది. ఏసీ నుంచి కారే నీళ్లు గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినవి కనుక వాటిలో లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో రాత్రంతా ఏసీ నడిస్తే ఉదయానికి బకెట్ నిండుతుంది. పలుచని గుడ్డలో వడగట్టి మూతపెట్టి ఉంచుకోండి. నేను మూడేళ్లుగా ఇదే చేస్తున్నాను, మరకల బెడద సగానికి పైగా తగ్గింది.

కడిగే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

వేళ ముఖ్యం. ఉదయం ఏడుకు ముందు, లేదా సాయంత్రం ఎండ తగ్గి బానెట్ పూర్తిగా చల్లబడ్డాక. అరచేతి వెనుక భాగాన్ని బానెట్‌కు ఆనించండి. కాస్త వెచ్చగా తగిలినా ఆగండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఎండకు నల్ల రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది. దాని మీద పోసిన సబ్బునీళ్లు కడిగేలోపే ఆరి మరకవుతాయి.

కావలసినవి: పదిహేను, ఇరవై లీటర్ల బకెట్లు రెండు, వాటి అడుగున ఇసుక మళ్లీ పైకి లేవకుండా ఉంచే ప్లాస్టిక్ జల్లెడలు, కుచ్చుల మైక్రోఫైబర్ చేతితొడుగులు రెండు, కారు షాంపూ, మొక్కలకు మందు కొట్టే రెండు లీటర్ల చేతిపంపు, నీరు బాగా పీల్చే పెద్ద తువ్వాలు. గిన్నెలు తోమే ద్రవం, బట్టల పొడి వద్దు. అవి జిడ్డుతోపాటు పెయింటుకు రక్షణగా మీరు పూసిన వ్యాక్స్‌నూ లాగేస్తాయి. స్పాంజి కూడా వద్దు. దాని చదునైన ముఖానికి ఇసుకరేణువు అంటుకుంటే దాక్కోవడానికి చోటుండదు, పెయింటునే గీస్తుంది. కుచ్చుల తొడుగులో ఆ రేణువు పోగుల మధ్యకు వెళ్లిపోతుంది.

చక్రాలతో మొదలుపెట్టండి. వాటికి వేరే బ్రష్షు, వేరే గుడ్డ, వేరే మగ్గు ఉండాలి. చక్రాల దగ్గర ఉండే బ్రేకు పొడి లోహపు ముక్కలే. ఆ గుడ్డ పొరపాటున కూడా తలుపు మీదికి రాకూడదు.

తరువాత కారంతా పైనుంచి కిందికి నీళ్లతో తడపండి. ప్రెషర్ వాషర్ ఉంటే నాజిల్‌ను పెయింటుకు అడుగు దూరంలోపు తేవద్దు. అది లేకపోతే పైపు చాలు. ఆపై చేతిపంపులో షాంపూ కలిపి కారంతా చల్లి నాలుగైదు నిమిషాలు వదిలేయండి. చాలామంది ఇక్కడ తొందరపడతారు. నురగ నెమ్మదిగా జారుతూ దుమ్మును తనతో కిందికి తీసుకుపోతుంది. చేయి పెట్టకుండా పోయే ప్రతి రేణువూ మీకు మిగిలిన లాభం. నురగ ఆరకముందే కడిగేయండి.

ఇప్పుడే తొడుగు చేతికి తొడగాలి. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, మరొకదానిలో ఉత్త నీళ్లు. తొడుగును షాంపూలో ముంచి ముందు పైకప్పు, తరువాత అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పైసగం. తలుపుల కిందిసగానికి, బంపర్లకు రెండో తొడుగు. ఒత్తకూడదు, తొడుగు బరువు చాలు. చేతిని గుండ్రంగా తిప్పకుండా ముందునుంచి వెనక్కు తిన్నగా లాగండి. ఒక భాగం కాగానే తొడుగును ఉత్త నీళ్ల బకెట్లో జాడించి, పిండి, ఆ తరువాతే షాంపూలోకి. సగం కారు అయ్యాక ఉత్త నీళ్ల బకెట్ అడుగు చూడండి. అక్కడ పేరుకున్న మట్టి ఒక్క బకెట్‌తో కడిగి ఉంటే మళ్లీ కారు మీదికే వెళ్లేది.

బోరు నీళ్లతో కడిగి, వెంటనే దాచిపెట్టిన ఏసీ నీళ్లను మగ్గుతో పైకప్పు నుంచి మెల్లగా, ధారగా పోయండి. గట్టిగా చల్లితే బొట్లుగా చెదురుతాయి. ధారగా పోస్తే నీరు పొరలా జారి చాలా భాగం తానే దిగిపోతుంది. మిగిలిన దానికి తువ్వాలును రేకు మీద పరిచి, అరచేతులతో అద్ది, ఎత్తండి. రుద్దవద్దు. అద్దాల కింది రబ్బరు సందులు, తలుపు పిడులు, నంబరు ప్లేటు వెనుక నుంచి నీళ్లు తరువాత కారి గీతగా ఆరతాయి. కారును కొంత దూరం నడిపి వచ్చి అక్కడ మరోసారి అద్దితే పని ముగిసినట్లే.

తువ్వాలు, తొడుగు నేల మీద పడితే ఆ రోజుకు వాటిని పక్కన పెట్టేయండి. ఉతికేటప్పుడు నూలు బట్టలతో కలపవద్దు, పీచు అంటుకుంటుంది. బట్టలకు మెత్తదనం కోసం కలిపే ద్రవాలు కూడా వద్దు. పోగులకు జిడ్డు పట్టి నీరు పీల్చవు.

కడగని రోజుల్లో

కరకంబాడి రోడ్డు, రేణిగుంట రోడ్డు వైపు రోజూ తిరిగే కారు రెండో రోజుకే బూడిద రంగుకు మారుతుంది. చూసి ఉండబట్టలేక పొడిగుడ్డతో దులపాలనిపిస్తుంది. దులపకండి. ఈకల కుచ్చె, పాత బనియను, జీన్స్ ముక్క, డ్యాష్‌బోర్డు గుడ్డ ఏదైనా సరే, పొడి దుమ్ము మీద నడిస్తే అది ఇసుకకాగితమే. దుమ్ముతోనే ఉండనివ్వండి. వారానికి ఒకసారి సరిగా కడిగిన కారు రోజూ తుడిచిన కారు కన్నా రెండేళ్ల తరువాత ఎంతో కొత్తగా ఉంటుంది.

పెళ్లికో పేరంటానికో వెళ్లాలి, కడిగేంత సమయం లేదు, దుమ్ము పలుచగా ఉంది అన్నప్పుడు నీళ్లతో మళ్లీ కడగనక్కరలేని షాంపూలు దొరుకుతాయి. డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి, ముందు దండిగా చల్లి, రెండు నిమిషాలు నాననిచ్చి, శుభ్రమైన గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ప్రతి భాగానికి కొత్త మడత వాడాలి. బురద గానీ ఇసుక గానీ ఉంటే ఈ దారి పనికిరాదు.

మా కాపలాదారుతో మాట్లాడటానికి నాకు వారం పట్టింది, ఆయన మనసు నొచ్చుకుంటుందేమోనని. “అన్నా, నా కారు ఒక్కటి వదిలేయండి, మీకు ఇచ్చేది మాత్రం తగ్గించను” అన్నాను. బానెట్ మీది గీతలను ఫోను టార్చి వేసి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, “నేను మంచి చేస్తున్నాననుకున్నాను సార్” అన్నారు. ఇప్పుడు నా కారు చక్రాలు, కాలిపట్టాలు ఆయన శుభ్రం చేస్తారు. పెయింటు జోలికి వెళ్లరు. ఈ సంభాషణ వాయిదా వేస్తే ఎంత ఖరీదైన పూత వేయించినా వృథా.

కారు కవరు గురించి కూడా ఇదే మాట. ఆషాఢం గాలికి కవరు కొట్టుకుంటూ కింద చిక్కిన దుమ్మును రోజంతా రుద్దుతుంది. కప్పు, గోడ ఉన్న చోట, కడిగి ఆరిన కారుకైతే కప్పండి. ఆరుబయట వద్దు.

చెట్టు నీడ, పిట్టలు, పూజ

పిట్టరెట్టలోని ఆమ్లం ఎండలో కాలిన క్లియర్ కోట్‌ను గంటల్లో మసకబారుస్తుంది. కారులో ఒక చిన్న నీళ్ల స్ప్రే సీసా, రెండు మెత్తని గుడ్డలు ఎప్పుడూ ఉంచండి. కనిపించగానే తడిపి, తడిగుడ్డను దాని మీద కొన్ని నిమిషాలు పరిచి, మెత్తబడ్డాక పక్కకు రుద్దకుండా పైకి ఎత్తేయండి. వానలు మొదలయ్యాక రాత్రి ప్రయాణాల్లో బంపరుకు అతుక్కునే ఉసిళ్లకూ ఇదే వైద్యం. మరుసటి రోజుకు ఉంచితే మచ్చ మిగులుతుంది.

చిత్తూరు వైపు తోటల్లో కారు నిలిపేవారు మామిడి చెట్టు విషయంలో రెండు రకాలుగా జాగ్రత్తపడాలి. కాయల కాలంలో తొడిమ నుంచి కారే సొన మన చర్మాన్నే పొక్కిస్తుంది, పెయింటును వదులుతుందా? పూత కాలంలో తేనెమంచు పురుగు చెట్టు నిండా ఉంటే జిగురులాంటి తీపి ద్రవం సన్నగా రాలుతుంది. కారుకు చేయి తగిలితే బంకగా ఉంటుంది, దాని మీదే దుమ్ము పట్టి గట్టిపడుతుంది. గోరువెచ్చని షాంపూ నీళ్లలో తడిపిన గుడ్డను పరిచి నానబెట్టి తీయండి. గోటితో గీకవద్దు. తోతాపురి కోతకు వెళ్లినప్పుడు కాస్త నడిచినా సరే, చెట్టుకు దూరంగా నిలపండి.

ఇక పూజ. కాణిపాకంలో స్వామివారి ముందు బండి పెట్టి పూజ చేయించకుండా మా జిల్లాలో కొత్త కారు ఇంటికి రావడం అరుదు. నేనూ చేయించాను, ప్రతి దసరాకూ ఆయుధపూజ చేస్తాను. అర్చకులను వినయంగా అడిగితే పసుపు, గంధం, కుంకుమ అద్దం మీద గానీ నంబరు ప్లేటు మీద గానీ పెడతారు. పూలదండను ఇనుప తీగతో కాకుండా నూలుదారంతో కట్టించండి. హారతి పళ్లెం బానెట్ మీద పెట్టనివ్వకండి. కొబ్బరికాయ బంపరుకు దూరంగా కొట్టి, చిమ్మిన నీళ్లు ఉంటే వెంటనే తడిగుడ్డతో అద్దేయండి. బానెట్ మీద కుంకుమ పడితే చేత్తోనో పొడిగుడ్డతోనో తుడవకుండా నీళ్లు ధారగా పోసి దింపండి. పసుపు మరక కాస్త మిగిలినా భయం లేదు, ఎండకు కొద్దిరోజుల్లో వెలిసిపోతుంది.

ఘాట్ రోడ్డు ఇచ్చే ఇనుప పొడి

తిరుమల నుంచి దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా. మలుపు మలుపుకూ బ్రేకు నొక్కుతూ దిగితే డిస్కుల నుంచి రాలే ఇనుప పొడి చక్రాలకు, వెనుక తలుపులకు, డిక్కీకి అంటుకుని, తడి తగిలి తుప్పుగా మారుతుంది. తక్కువ గేరులో ఇంజను బిగింపుతో దిగండి. బ్రేకులకూ మేలు, పెయింటుకూ మేలు.

కడిగి ఆరిన కారు మీద చేతికి పలుచని పాలిథిన్ కవరు తొడిగి మెల్లగా నిమరండి. గాజులా జారితే మంచిదే. గరుకుగా తగిలితే పెయింటులో ఏవో నాటుకున్నట్లే. ఆరునెలలకో, ఏడాదికో ఒకసారి ఇది చూసుకోవాలి. గరుకుంటే ముందు ఇనుప పొడిని కరిగించే ద్రావణాన్ని చల్లండి. ఇనుము ఉన్నచోట అది ఊదారంగుకు తిరుగుతుంది. ఆరకముందే బాగా కడిగేయాలి. కొత్త రోడ్డు తారు చుక్కలకు తారు తీసే ద్రావణం వేరే ఉంది. అప్పటికీ గరుకు మిగిలితే, నాటుకున్న మురికిని లాగేసే మెత్తని క్లే ముద్దను జారుడు ద్రవంతో బాగా తడిపి, ఒత్తకుండా నడపాలి. మురికి పట్టిన వైపును లోపలికి మడుస్తూ ఉండాలి. కిందపడిన ముద్దను పారేయండి. క్లే నల్ల పెయింటు మీద లేత మసక వదలవచ్చు కనుక, పాలిష్ చేసే ఉద్దేశం ఉన్నప్పుడే దానిని ముట్టుకోవడం మంచిది.

నీటి మరకలు కొత్తవైతే తెల్ల వెనిగర్, ఏసీ నీళ్లు సమపాళ్లలో కలిపి, చల్లని రేకు మీద నీడలో, తడిగుడ్డతో ఒకటి రెండు నిమిషాలు పరిచి బాగా కడిగేయండి. అవి దిగకపోతే గుంటలు పడ్డాయని అర్థం, పాలిష్ ఒక్కటే దారి. టూత్‌పేస్టు, చింతపండు, మెరుపు కోసం కొందరు డ్రైవర్లు రాసే డీజిల్, కొబ్బరినూనె ఏవీ వద్దు. టూత్‌పేస్టు గీస్తుంది, నూనె ఒక్క పూటలో ఊరి దుమ్మంతా పోగుచేస్తుంది.

పాలిష్, ఆపై రక్షణ

పాలిష్ చేయించే దుకాణానికి వెళితే రెండు ప్రశ్నలు అడగండి. పెయింటు మందాన్ని మీటరుతో కొలుస్తారా? వాడేది గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ యంత్రమా, తిరుగుతూ ఊగే డ్యుయల్ యాక్షన్ యంత్రమా? రోటరీ అనుభవం లేని చేతిలో నల్ల పెయింటు మీద ఎండలో కదిలే పొగ లాంటి జాడలు వదులుతుంది. ముందు రెండడుగుల చదరంలో చేసి చూపించమనండి. దానిని ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, టార్చి వేసి చూడండి. కొన్ని పాలిష్‌లలో గీతలను నింపి దాచే నూనెలుంటాయి, అవి నాలుగు కడుగుళ్లకు పోయి గీతలు మళ్లీ తేలతాయి. ఏటా పాలిష్ చేయించే అలవాటు మాత్రం పెట్టుకోకండి. ఒకటిన్నర కాగితం లెక్క గుర్తుంది కదా.

పాలిష్ అయిన పెయింటు మీద పూసే రక్షణలో కార్నాబా వ్యాక్స్ పాతది. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీస్తారు. నలుపుకు అది ఇచ్చే లోతు నాకు ఇప్పటికీ ప్రియమే. కానీ ఆరుబయట నిలిపే కారుకు మన ఎండలో కొన్ని వారాలకు మించి నిలవదు. కృత్రిమ సీలెంట్ కొన్ని నెలలు ఉంటుంది. మార్చిలో ఎండలకు ముందు ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలకు ముందు సెప్టెంబరు చివర ఒకసారి పూస్తే సరిపోతుంది. చాలామందికి నేను చెప్పేది ఇదే. కడిగి, ఆరబెట్టి, నీడలో, వీలైనంత పలుచగా పూసి, ఆరాక మెత్తని గుడ్డతో తుడిచేయడమే. మందంగా పూస్తే ఎక్కువ రక్షణ రాదు, చారలు మాత్రం వస్తాయి.

పెయింటుకు అంటుకుని గట్టిపడే సిరామిక్ పూత సరిగా వేస్తే సంవత్సరాలు ఉంటుంది, మురికి తేలికగా వదులుతుంది. ప్రకటనల్లో కనిపించే 9హెచ్ అనేది పెన్సిల్ గీత పరీక్షలో కొలత. వజ్రం, రాయి గట్టిదనాన్ని కొలిచే లెక్కతో దానికి సంబంధం లేదు. పొడిగుడ్డతో రుద్దితే సిరామిక్ మీదా గీతలు పడతాయి, బోరు నీళ్ల మరకలూ పడతాయి. పాత గీతల మీదే వేస్తే అవి దాని కింద అలాగే ఉండిపోతాయి. కొత్త కారు బుక్ చేసినవారు డెలివరీకి ముందే షోరూములో ఒక మాట రాయించుకోండి: కడగవద్దు, పాలిష్ పెట్టవద్దు, ప్లాస్టిక్ తీయవద్దు. మొదటి గీతలు పడేది చాలావరకు అక్కడే.

రాళ్ల దెబ్బకు నిజంగా అడ్డుపడేది పారదర్శకమైన రక్షణ ఫిల్మ్ ఒక్కటే. 150 నుంచి 200 మైక్రాన్ల మందం, అంటే పెయింటు అంతటికన్నా మందం. కారంతటికీ వేయించడం ఖరీదు. గ్రానైట్ లారీల వెనుక హైవే మీద తరచుగా తిరిగేవారు బానెట్ ముందు భాగానికి, బంపరుకు, పక్క అద్దాల తొడుగులకు వేయించుకుంటే చాలు.

ఫిల్మ్ లేనిచోట రాయి తగిలి చుక్క లేస్తే లోహం కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే తుప్పు రాకముందే, ఆ వారంలోనే పూడ్చాలి. నలుపులోనూ రకాలున్నాయి కనుక తలుపు చట్రం మీదో, బానెట్ కిందో అతికించిన పట్టీ మీది రంగు కోడ్ చూసి ఆ టచప్ పెయింటే తెప్పించండి. చుక్కను ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, సీసాతో వచ్చే బ్రష్షు లావుగా ఉంటుంది కాబట్టి అగ్గిపుల్ల కొసతో రంగును గుంటలోకి మాత్రమే దింపండి. ఆరాక కుంగుతుంది, మరో రెండు పొరలు, చివర క్లియర్ కోట్. నెల రోజులు దాని మీద వ్యాక్స్ పూయకండి.